మన ఒంటి లెక్క ఎవరి దగ్గరుంది?

మేము పాఠాలు చెప్పే కిష్టారెడ్డిపేట ఒకప్పుడు మెదక్ జిల్లా పటాన్‌చెరు మండలంలో ఉండేది. 2016లో జిల్లాలు మారాక సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ మండలంలోకి వచ్చింది. ఒక పక్క బొల్లారం కంపెనీలు, ఇంకో పక్క కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లు, మధ్యలో పాత ఊరు, ఊరి చెరువు. మేము ఏజెన్సీలో పుట్టి, అక్కడే డైట్‌లో శిక్షణ పొంది, ఉద్యోగం కోసం ఇటు వచ్చినవాళ్లం. మా తరగతుల్లోనూ వలస వచ్చినవాళ్ల పిల్లలే ఎక్కువ. ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి, మన తండాల నుంచి, గూడేల నుంచి వచ్చి కంపెనీల్లో, కట్టడాల్లో పనిచేసే తల్లిదండ్రుల పిల్లలు.

ఒకరోజు అణువు పాఠం చెబుతూ యురేనియం పేరు ఎత్తాం. జార్ఖండ్ సింగ్‌భూం నుంచి వచ్చిన హో తెగ పిల్లవాడు లేచి నిలబడ్డాడు. రెండేళ్లలోనే ఇక్కడి తెలుగు పట్టుకున్నాడు.

"సార్, మా తాతోళ్ల ఊరి దగ్గర దాన్నే తవ్వుతరు. అది మనిషి ఒంట్లకు పోతే ఎట్ల తెలుస్తది? ఎవరు చూస్తరు?"

పాఠ్యపుస్తకంలో దీనికి జవాబు లేదు. ఆరోజు మా దగ్గరా లేదు. తర్వాత వెతికి, చదివి, తోటి ఉపాధ్యాయులతో మాట్లాడి తెలుసుకున్నదే ఈ వ్యాసం. అణు కేంద్రాల దగ్గర, యురేనియం గనుల దగ్గర బతికే మనుషుల ఒంట్లో చేరినదాన్ని ఎవరు కొలిచారు, ఎలా కొలిచారు, ఆ లెక్క ఎవరి చేతిలో ఉండిపోయింది అన్నదే ఇందులోని చరిత్ర.

కుంచం ఎవరి చేతిలో ఉంది?

కొలత అంటే మన పెద్దలకు అనుమానం ఎక్కువ. కారణం ఉంది. సంతకు చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ తీసుకుపోతే షావుకారు దగ్గర రెండు కుంచాలు ఉండేవి. మన దగ్గర కొనేటప్పుడు పెద్ద కుంచం, మనకు ఉప్పు, బియ్యం అమ్మేటప్పుడు చిన్న కుంచం. ఆ దోపిడీని అడ్డుకోవడానికే 1956లో విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ పెట్టారు. చదువు రాని మన తాతలకు కూడా ఒక సంగతి బాగా తెలుసు: సరుకు మనదైనా, కుంచం అవతలివాడి చేతిలో ఉంటే లెక్క అవతలివాడిదే.

చింతపండు కంటికి కనిపిస్తుంది కాబట్టి మోసం ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. రేడియేషన్ కనిపించదు. వాసన ఉండదు, రుచి ఉండదు. యంత్రం చెబితేనే తెలుస్తుంది. అందుకే ఇక్కడ కుంచం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న ఇంకా పెద్దది.

ముందు రెండు మాటలు నేర్చుకుందాం. ఒక సెకనులో ఒక అణువు విచ్ఛిన్నమైతే అది ఒక బెక్వెరెల్. పదార్థంలో ఎంత చురుకు ఉందో ఇది చెబుతుంది. దానివల్ల మనిషి ఒంటికి ఎంత హాని జరగవచ్చో చెప్పే ప్రమాణం సీవర్ట్. దానిలో వెయ్యో వంతు మిల్లీసీవర్ట్.

రేడియేషన్ అసలే లేని ఒళ్లు లేదు. మనం తినే తిండిలోని పొటాషియంలో కొంచెం భాగం సహజంగానే అణుధార్మికత ఉన్నది. 70 కిలోల మనిషి ఒంట్లో దానివల్లనే సెకనుకు 4,000కు పైగా అణువులు విచ్ఛిన్నమవుతుంటాయి. నేల, రాయి, గాలి, ఆకాశం నుంచి సహజంగా మనిషికి అందేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. దీనికి అదనంగా, అణు కేంద్రం వల్ల చుట్టుపక్కల జనానికి అందేది ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ దాటకూడదన్నది నియమం. లోపల పనిచేసేవాళ్లకు అయిదేళ్ల సగటు మీద ఏడాదికి 20. కాబట్టి "మా ఊళ్లో రేడియేషన్ ఉంది" అంటే సరిపోదు. ఏ పదార్థం, ఎంత, ఇంతకుముందు ఎంత ఉండేది అన్న మూడూ తెలియాలి. మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. మొదటి కొలత లేకపోతే ఎంత పెరిగిందో ఎవరూ చెప్పలేరు.

కొలవడం వేరు, లెక్కగట్టడం వేరు

మనిషి ఒంట్లో ఉన్నదాన్ని కొలిచే పద్ధతులు రెండు ముఖ్యమైనవి. మొదటిది హోల్ బాడీ కౌంటర్ అనే యంత్రం. బయటి రేడియేషన్ లోపలికి రాకుండా మందపాటి ఉక్కు, సీసం అడ్డుపెట్టి, అందులో మనిషిని కూర్చోబెడతారు లేదా పడుకోబెడతారు. ఒంట్లోంచి బయటికి వచ్చే గామా కిరణాలను అది లెక్కిస్తుంది. సీజియం-137 లాంటివి దీనికి దొరుకుతాయి.

యురేనియం అంత సులభంగా దొరకదు. దాని ఆల్ఫా కిరణాలు కాగితాన్ని కూడా దాటలేవు, ఒంట్లోంచి బయటికి రావు. అందుకని మూత్రం పరీక్ష చేయాలి. లీటరులో ఎన్ని మైక్రోగ్రాముల యురేనియం ఉందో చూడాలి. అణు విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే ట్రిటియం కూడా నీటితో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. దాన్ని పట్టుకునేదీ మూత్రం పరీక్షే.

ఈ పరీక్షలకు ఎంత విలువ ఉందో 2009 నవంబరులో కర్ణాటకలోని కైగా అణు విద్యుత్ కేంద్రంలో తెలిసింది. పనివాళ్లు నీళ్లు తాగే కూలర్‌లో ఎవరో ట్రిటియం ఉన్న భారజలం కలిపారు. 50 మందికి పైగా దాన్ని తాగారు. రంగు మారలేదు, రుచి మారలేదు. పనివాళ్లకు మామూలుగా చేసే మూత్రం పరీక్షలోనే సంగతి బయటపడింది. మామూలుగా, క్రమం తప్పకుండా కొలుస్తూ ఉండబట్టే అది తెలిసింది.

కంచె బయట ఊళ్ల సంగతి వేరు. మన దేశంలో అణు విద్యుత్ కేంద్రాల దగ్గర అణుశక్తి విభాగం వాళ్ల పర్యావరణ పరిశోధనశాలలు ఉన్నాయి. కేంద్రం మొదలుకాక ముందే అక్కడి నేల, నీరు కొలిచి రాసిపెట్టుకుంటారు. తర్వాత కూడా నీరు, పాలు, చేపలు, గడ్డి, ధాన్యం తెచ్చి కొలుస్తారు. ఇది మంచి పనే. ఆ అంకెల మీద లెక్క వేసి, ఆ ఊరి మనిషికి ఏడాదికి ఇంత అందుతుందని చెబుతారు. అది 1 మిల్లీసీవర్ట్ కన్నా చాలా తక్కువే ఉంటుందని వాళ్ల నివేదికలు చెబుతాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. లోపల పనిచేసే మనిషి ఒంట్లోది కొలుస్తారు. బయట ఊళ్లో మనిషి ఒంట్లోది లెక్కగడతారు. లెక్క సరిగ్గానే ఉండవచ్చు. కానీ ఆ మనిషి ఏ చెరువు చేప తిన్నాడు, ఏ ఊట నీళ్లు తాగాడు, ఏ మట్టితో ఇల్లు అలికాడు అన్నది లెక్కగట్టేవాడి ఊహ మీద ఆధారపడి ఉంటుంది. అడవిలో బతికే మన బతుకు ఆ ఊహలో ఎంత ఉంటుంది?

పాలపళ్లు చెప్పిన సాక్ష్యం

జనమే పూనుకుని ఒంట్లోది కొలిపించుకున్న చరిత్ర కూడా ఉంది. 1950లలో అమెరికా, రష్యా పోటీపడి గాలిలో అణుబాంబులు పేల్చి పరీక్షించాయి. ఆ ధూళిలోని స్ట్రాన్షియం-90 గడ్డి మీద పడింది. గడ్డి తిన్న ఆవు పాలలోకి, పాలు తాగిన పిల్లల ఎముకల్లోకి, పళ్లలోకి చేరింది. స్ట్రాన్షియంకు కాల్షియం పోలిక ఉంటుంది, ఒళ్లు తేడా కనిపెట్టలేదు.

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో 1958 డిసెంబరులో కొందరు డాక్టర్లు, శాస్త్రవేత్తలు, తల్లులు కలిసి ఊడిన పాలపళ్లు సేకరించడం మొదలుపెట్టారు. లూయీస్ రీస్ అనే డాక్టరమ్మ ఆ పని నడిపించారు. బడుల ద్వారా, గుడుల ద్వారా అడిగారు. పన్ను పంపిన పిల్లకు ఒక బ్యాడ్జి ఇచ్చేవారు. కొన్నేళ్లలో సుమారు 3 లక్షల పళ్లు పోగయ్యాయి. పరీక్షలు ఎక్కువైన సంవత్సరాల్లో పుట్టిన పిల్లల పళ్లలో స్ట్రాన్షియం ఎక్కువగా ఉందని తేలింది. 1963లో గాలిలో అణు పరీక్షలను నిషేధించే ఒప్పందం కుదరడానికి దారితీసిన ప్రజాభిప్రాయంలో ఈ పళ్ల సాక్ష్యం కూడా ఉంది.

మన దగ్గర ఊడిన పాలపన్నును పేడలో పెట్టి ఇంటి కప్పు మీదకు విసురుతాం. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు నవ్వారు. తర్వాత ఒక పిల్ల అడిగింది, "అంటే పన్నుల కూడ లెక్క ఉంటదా సార్?" ఉంటుంది. ఒళ్లు అబద్ధం రాయదు, చదివేవాళ్లే కావాలి.

దగ్గర ఊళ్లు, దూరపు ఊళ్లు

యంత్రాలు లేనప్పుడు ఇంకో దారి ఉంది. దగ్గర ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి జబ్బులు, పుట్టుకలు, చావులు రాసుకోవాలి. అలాంటి బతుకే ఉన్న దూరపు ఊళ్లలోనూ రాసుకోవాలి. రెండూ పోల్చి చూడాలి.

రాజస్థాన్‌లోని రావత్‌భాటా అణు విద్యుత్ కేంద్రం 1972లో మొదలైంది. 1991లో డాక్టర్ సంఘమిత్ర గాడేకర్, భౌతిక శాస్త్రవేత్త సురేంద్ర గాడేకర్, వాళ్లతోపాటు కార్యకర్తలు అక్కడి ఊళ్లలో ఈ పద్ధతిలోనే సర్వే చేశారు. పుట్టుకతో వచ్చే లోపాలు దగ్గర ఊళ్లలోనే ఎక్కువగా ఉన్నాయని వాళ్ల 'అణుముక్తి' పత్రికలో రాశారు. అణుశక్తి విభాగం ఒప్పుకోలేదు.

జర్మనీలో ప్రభుత్వమే పెద్ద అధ్యయనం చేయించింది. 16 అణు విద్యుత్ కేంద్రాల చుట్టూ 1980 నుంచి 2003 వరకు క్యాన్సర్ వచ్చిన అయిదేళ్ల లోపు పిల్లల వివరాలు చూశారు. 2007 డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. కేంద్రానికి 5 కిలోమీటర్ల లోపల ఉన్న పిల్లల్లో రక్త క్యాన్సర్ రెట్టింపుకు పైగా కనిపించింది. అయితే అక్కడ లెక్కకు వచ్చిన రేడియేషన్ అంత హాని చేయడానికి చాలదని కూడా ఆ శాస్త్రవేత్తలే చెప్పారు. కారణం ఇప్పటికీ వాదనలోనే ఉంది.

ఉపాధ్యాయులుగా మనం ఈ రెండో మాట కూడా పిల్లలకు చెప్పాలి. దగ్గరలో జబ్బు ఉందంటే కారణం తేలినట్టు కాదు. కారణం తేలలేదంటే జబ్బు లేనట్టూ కాదు. భయం పెంచడం మన పని కాదు, నోరు మూసుకోవడం కూడా మన పని కాదు.

జాదుగూడ పసుపు పొడి హైదరాబాద్‌కు

ఇప్పుడు మా పిల్లవాడి తాతల నేలకు వద్దాం. జార్ఖండ్ తూర్పు సింగ్‌భూంలోని జాదుగూడ సంతాల్, హో ప్రజల ఊరు. దేశంలో మొదటి యురేనియం గని అక్కడిదే. భారత యురేనియం సంస్థ 1967లో ఏర్పడింది. రాయి తవ్వి, పొడిచేసి, యురేనియం తీశాక మిగిలిన బురదను వ్యర్థాల చెరువుల్లోకి పంపుతారు. యురేనియం పోయినా బురదలో రేడియం ఉంటుంది. దాని చురుకు సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. దాని నుంచి రేడాన్ అనే వాయువు వస్తూనే ఉంటుంది.

తీసిన పసుపు పొడి ఎక్కడికి పోతుంది? మన హైదరాబాద్‌కే. మౌలాలి దగ్గర 1971లో పెట్టిన అణు ఇంధన సముదాయంలో దాన్ని శుద్ధిచేసి అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనం తయారుచేస్తారు. ఆ పొడి వచ్చిన దారిలోనే ఇప్పుడు ఆ నేల పిల్లలు కూలి వెతుక్కుంటూ మా కిష్టారెడ్డిపేటకు వచ్చారు.

జాదుగూడ ఆదివాసులు ఊరుకోలేదు. ఘనశ్యాం బిరూలీ లాంటి హో యువకులు రేడియేషన్ వ్యతిరేక సంస్థ పెట్టారు. వాళ్ల కష్టం మీద శ్రీప్రకాశ్ తీసిన డాక్యుమెంటరీ 1999లో వచ్చింది. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త హిరోఆకి కొయిదె ఆ తర్వాతి ఏళ్లలో అక్కడి మట్టిని, గాలిని పరీక్షించి, వ్యర్థాల చెరువుల చుట్టూ రేడియేషన్ మామూలు కన్నా ఎక్కువ ఉందని చెప్పారు. 2004లో సుప్రీంకోర్టు అధికారుల ప్రమాణపత్రం ఆధారంగా ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని కొట్టేసింది. 2006 డిసెంబరులో బురద గొట్టం పగిలి వాగులోకి పారింది. 2007లో శాంతి కోసం పనిచేసే భారతీయ వైద్యుల సంఘం దగ్గర ఊళ్లనూ దూరపు ఊళ్లనూ పోల్చి, దగ్గర ఊళ్లలో పుట్టుక లోపాలు, సంతానలేమి, క్యాన్సర్ మరణాలు ఎక్కువని ప్రకటించింది. రేడియేషన్ హద్దులోనే ఉందని, జబ్బులకు పోషకాహార లోపం, మలేరియా, మద్యం కారణమని అధికారులు అంటూ వచ్చారు.

ఈ వాదన తెగకపోవడానికి మూలం ఒకటే. 1967కు ముందు జాదుగూడ మనుషుల ఒంట్లో ఏముందో, వాళ్ల ఊళ్లలో ఎన్ని కాన్పులు నిలిచాయో, ఎన్ని పోయాయో ఊరి చేతిలో కాగితం లేదు. దానికితోడు 1962 నాటి అణుశక్తి చట్టం సమాచారాన్ని బయటికి రాకుండా ఆపే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది.

అమెరికాలో నవాహో ఆదివాసులదీ ఇదే కథ. 1979 జూలై 16న చర్చ్ రాక్ అనే చోట యురేనియం వ్యర్థాల కట్ట తెగి వాళ్లు పశువులు మేపుకునే నదిలోకి పారింది. అయితే 2010లో మొదలైన ఒక అధ్యయనంలో అక్కడి గర్భిణుల, పుట్టిన పిల్లల మూత్రంలో యురేనియం కొలవడం ప్రారంభించారు. నవాహో మాట్లాడేవాళ్లనే ఆ పనిలో పెట్టుకున్నారు. కొలత ఒంటి దాకా రావడానికి వాళ్లకు 30 ఏళ్లు పట్టింది.

మన నేల మీద

మన తెలుగు నేల మీద కూడా యురేనియం ఉంది. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ దగ్గరి లంబాపూర్, పెద్దగట్టులో గని పెడతామన్నప్పుడు 2003 ఆగస్టులో బహిరంగ విచారణ జరిగింది. తండాల లంబాడీలు, చుట్టుపక్కల రైతులు వద్దన్నారు. గని రాలేదు.

కడప జిల్లా తుమ్మలపల్లెలో 2007లో శంకుస్థాపన జరిగింది, గని వచ్చింది. అక్కడి మబ్బుచింతలపల్లె, కనంపల్లె రైతులు బోరునీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చెబుతూ వస్తున్నారు. వ్యర్థాల చెరువు నుంచి ఊట దిగుతోందన్నది వాళ్ల ఆరోపణ. సంస్థ ఒప్పుకోలేదు.

ఇక్కడ మళ్లీ రెండు కుంచాల సంగతి వస్తుంది. తాగే నీళ్లలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టుకున్న హద్దు 60. ఒక బోరులో 45 వచ్చిందనుకోండి. ఒక కుంచంలో ఆ నీళ్లు చెడ్డవి, ఇంకో కుంచంలో మంచివి. తాగేవాడు అదే మనిషి.

నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం వెతకడానికి 2019లో కేంద్రం నుంచి సూత్రప్రాయంగా అనుమతి వచ్చింది. చెంచులు, వాళ్లకు తోడుగా చదువుకున్న యువత, రచయితలు, పట్టణాల జనం లేచారు. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది.

ఇది మన గెలుపు. కానీ మేము ఇక్కడొక మాట చెప్పదలచుకున్నాం. రాయిలో యురేనియం ఉన్నచోట నీళ్లలో సహజంగానే కొంత ఉండవచ్చు. రేపు ఎప్పుడైనా గని వచ్చి, నీళ్లలో యురేనియం ఎక్కువైందని చెంచు పెంటల వాళ్లు అంటే, "అది ముందునుంచీ ఉన్నదే" అనడం చాలా తేలిక. అది ముందు ఎంత ఉండేదో మన దగ్గర రాసి లేకపోతే మనం ఏమీ అనలేం. గని లేని ఈ రోజులే ఆ మొదటి కొలతకు సరైన రోజులు. జాదుగూడకు దొరకని కాలం నల్లమలకు ఉంది.

మళ్లీ కిష్టారెడ్డిపేట

మా ఊరిది రేడియేషన్ కథ కాదు, రసాయనాల కథ. కానీ కొలత కథ ఒకటే. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. పాడైన పొలాలకు లెక్కకట్టి రైతులకు నష్టపరిహారం ఇచ్చారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని రాశారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు-బొల్లారాన్ని చేర్చింది.

పొలానికి లెక్క ఉంది, వాగుకు లెక్క ఉంది. మా తరగతిలో కూర్చున్న పిల్లల ఒంటి లెక్క ఏదీ అంటే, చూపించడానికి మా బడిలోగానీ వాళ్ల ఇళ్లల్లోగానీ ఒక్క కాగితం లేదు. పొలం ఉన్నవాళ్లకు నష్టపరిహారం కోసం లెక్క కట్టారు. మన వలస కూలీలకు పొలం లేదు, ఉన్నది ఒళ్లే.

అందుకే యువతకు, తోటి ఉపాధ్యాయులకు మా విన్నపం ఇది. యంత్రాలు మన దగ్గర లేవు. రాత ఉంది. ప్రతి గూడెంలో, ప్రతి తండాలో ఒక పుస్తకం పెట్టండి. ఏ ఇంట్లో ఏ ఏడాది ఎన్ని కాన్పులు, ఎన్ని నిలిచాయి, ఎవరు ఏ జబ్బుతో పోయారు, ఏ బావి నీళ్లు తాగారు, ఎక్కడ పనిచేశారు, ఎన్నేళ్లు చేశారు అన్నది రాయండి. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే రాయండి, పేర్లు బయటపెట్టకండి. నీటి పరీక్ష చేసినవాళ్లను ఫలితం కాగితం మీద, తెలుగులో అడగండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం ఉంది, గ్రామసభలో చదివి వినిపించమనవచ్చు. మూత్రం, రక్తం తీసుకుపోయేవాళ్లు ఎవరైనా వస్తే, మా ఫలితం మాకు ఎప్పుడు ఇస్తారని ముందే అడగండి.

మా తరగతిలో అలాంటి పుస్తకం ఒకటి మొదలైంది. మొదటి పేజీ ఆ హో పిల్లవాడే గీశాడు. ఊరు, ఇల్లు, పుట్టిన ఏడు, తాగే నీళ్లు, నాయన పని, ఆరోగ్యం అని ఆరు గడులు. తాత ఊరి పేరు రాయడానికి గడి లేదని, పక్కన ఇంకొక గీత గీసి ఏడోది చేశాడు.